ఎద్దు పేరుతో సహా ఎత్తేశారు: ఒక వెబ్‌సైట్ కాపీ కేసు

నేపథ్యం

ఈ కేసు రాయడానికి క్లయింటు ఒప్పుకున్నారు. ఊళ్లూ పేర్లూ తీసేశాను, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో చెప్పడానికి కావలసినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నాది చిన్న వెబ్ డిజైన్ స్టూడియో. క్లయింటు కోస్తా ఆంధ్రలో ఎద్దుగానుగ మీద నూనె ఆడి అమ్మే కుటుంబం. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, వాటితోపాటు తెలగపిండి. గానుగ పనీ సరుకూ తల్లిగారు చూసుకుంటారు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తాడు. సైటు వర్డ్‌ప్రెస్ మీద, ఆన్‌లైన్ దుకాణం నడిపే వూకామర్స్‌తో కట్టాం. సైటుకు రూపమిచ్చే అసలు థీమ్ బయటిది, దాని మీద మార్పులు చేర్చే చైల్డ్ థీమ్ మాది.

సైటులో ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందే చెప్పాలి, కేసంతా దాని చుట్టూనే తిరిగింది కాబట్టి. ‘మా గానుగ’ పేజీలో కథ తల్లిగారిది. ఆవిడ వాయిస్ మెసేజ్‌లుగా చెబితే కొడుకు టైపు చేశాడు. ఎద్దును ఏ సంతలో కొన్నారు, దాని పేరేమిటి, ఏ వేళకు మొండికేస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఫొటోలు ఊళ్లో పెళ్లిళ్లకు తీసే ఫొటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి తీయించారు. గానుగ ఎలా తిరుగుతుందో చూపించే గీతబొమ్మలు వాళ్లకు తెలిసిన ఒక ఆర్టిస్టు వేశాడు. అతన్ని వాళ్లే నేరుగా మాట్లాడుకున్నారు, యూపీఐలో డబ్బు పంపారు, కాగితం అంటూ ఏమీ లేదు. హోమ్‌పేజీ మీద నూనె ధార కట్టే పెద్ద ఫొటో స్టాక్ సైటులో కొన్నది. అక్షరాలు రామభద్ర, మండలి. రెండూ ఎవరైనా వాడుకోగల ఓపెన్ లైసెన్సు ఫాంట్లు. రీఫండ్, ప్రైవసీ పేజీలు అందరిలాగే ఒక నమూనా చూసి రాసినవి.

బయటపడిన తీరు

కాపీ సంగతి మాకు కాపీగా తెలియలేదు. కొడుకు ఫోన్ చేసి, “అన్నా, విజిటర్లు బాగా పెరిగారు, ఆర్డర్లు మాత్రం కదలట్లేదు. చెకౌట్ పేజీలో ఏమన్నా తేడా కొడుతుందేమో చూడండి” అన్నాడు.

చెకౌట్ బాగానే ఉంది. విజిటర్లు నిజంగా మనవాళ్లేనా అన్న అనుమానంతో, విజిటర్లను లెక్కపెట్టే అనలిటిక్స్‌లో హోస్ట్‌నేమ్ (సైటు అడ్రసు) వారీగా విడదీసి చూశాను. మన డొమైన్ కింద ఇంకో డొమైన్ కనబడింది. అంటే మన అనలిటిక్స్ కోడు ఇంకొకరి సైటులో కూర్చుని అక్కడి జనాన్ని మన ఖాతాలో రాస్తోంది. సైటును ఊడ్చినట్టు దించుకున్న వాళ్లు ఆ ఐడీ మార్చడం మర్చిపోతే జరిగేది ఇదే.

ఆ డొమైన్ తెరిస్తే మన సైటే. పైన పేరు, లోగో, ఫోన్ నంబరు మారాయి. రంగు కాస్త ముదిరింది. సోర్సు చూస్తే పైనే హెచ్‌టీట్రాక్ అనే సైటు కాపీ ప్రోగ్రాము తన సంతకంగా వదిలే కామెంటు ఉంది, ఏ అడ్రసు నుంచి దించుకుందో కూడా చెబుతూ. సైటు రూపాన్ని నిర్ణయించే ఫైలు స్టైల్‌షీటు, అందులో నేను నా కోసం రాసుకున్న తెలుగు కామెంటు, ‘దీన్ని కదిలిస్తే మొబైల్లో బొమ్మ పడిపోతుంది’ అన్నది, అలాగే ఉంది. కొన్ని ఫొటోలు మన సర్వర్ నుంచే లోడవుతున్నాయి. రీఫండ్ పేజీలో రెండో పేరాలో మన క్లయింటు సంస్థ పేరు మిగిలిపోయింది. అన్నిటికన్నా పెద్దది, పేజీ అడుగున, ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకు ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు. 14 అంకెలూ మన క్లయింటువే.

రీఫండ్ పేజీ సంగతి చాలామందికి అర్థం కాదు. ఆన్‌లైన్లో డబ్బు తీసుకోవాలంటే పేమెంట్ గేట్‌వే వాళ్లు సైటు చూస్తారు. రీఫండ్, ప్రైవసీ, షరతులు, కాంటాక్టు పేజీలు లేకపోతే ఖాతా తెరవరు. చవగ్గా సైటు కట్టేవాడికి ఈ పేజీలే తలనొప్పి, అందుకే ముందు ఎత్తేది వీటిని. ఎవరూ చదవరు కాబట్టి పేర్లు మిగిలిపోయేదీ వీటిలోనే.

మేం కదలకముందే ఒకటి జరిగిపోయింది

నేను విషయం చెప్పిన రాత్రే కొడుకు ఉండబట్టలేక ఆ సైటులో ఉన్న వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెట్టాడు. 24 గంటల్లో తీసెయ్యకపోతే కేసు పెడతామని. జవాబు రాలేదు. తెల్లారేసరికి ఆ సైటులో ఎద్దు పేరు మాయమైంది, రీఫండ్ పేజీలో సంస్థ పేరు మాయమైంది. మిగతాదంతా ఎక్కడిదక్కడే ఉంది.

ఈ వరస దాదాపు ప్రతి కాపీ కేసులోనూ చూస్తాను. హెచ్చరిక అందగానే అవతలివాళ్లు కాపీని తీసెయ్యరు, కాపీ అని చూపించే గుర్తుల్ని తీసేస్తారు. మొదటి మాట కన్నా ముందు ఆధారాలు పోగెయ్యాలని నేను పట్టుబట్టేది అందుకే. ఒకప్పుడైతే గూగుల్ కాష్‌లో పాత పేజీ దొరికేది, ఆ లింకును 2024లో తీసేశారు. అదృష్టం కొద్దీ సెర్చ్ ఫలితాల్లో ఆ పేజీ కింద వచ్చే రెండు లైన్లలో ఎద్దు పేరు ఇంకా కనిపిస్తోంది. రీఫండ్ పేజీని నేను ముందు చూసినప్పుడే సేవ్ చేసి పెట్టుకున్నాను.

ఆధారాలు

అడ్రస్ బారు, తేదీ, సమయం కనబడేలా ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్. పేజీని పూర్తిగా సేవ్ చేసిన ఫైలు. సోర్సు విడిగా. అదే పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రం చేయించాను, మన సొంత కంప్యూటరు కాకుండా మూడో చోట ఒక ప్రతి ఉంటే ఎవరూ దిద్దారని అనలేరు కాబట్టి. మన సైటు పాత ప్రతులు అక్కడ ముందే ఉన్నాయి, ఏది ముందు పుట్టిందో చెప్పడానికి అవి పనికొచ్చాయి.

దించిన ప్రతి ఫైలుకూ షా-256 హాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్రలాంటి కోడు) తీసి ఒక పట్టికలో రాశాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. అందులో హాష్ విలువ రాయాలి. కోర్టుకు వెళ్తామో లేదో అప్పటికి తెలియదు. వెళ్లాల్సి వస్తే మాత్రం ఇవాళ తీయని హాష్‌ను ఆరు నెలల తర్వాత తీయలేం.

కొడుకు అడిగిన ఒకదానికి గట్టిగా వద్దన్నాను. ఫొటోలు మన సర్వర్ నుంచే లోడవుతున్నాయి కదా, ఆ ఫొటోల బదులు ‘ఇది దొంగ సైటు’ అని రాసిన బొమ్మ పెడితే వాళ్ల సైటు నిండా అదే కనిపిస్తుంది కదా అన్నాడు. ఈ ఎత్తు పాతదే, చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ సైటు వెనక ఎవరున్నారో అప్పటికి మాకు తెలియదు. తెలియని మనిషి దుకాణం మీద దొంగ అని రాయడం పరువునష్టం కేసును మనమే పిలిచి తెచ్చుకోవడం. పైగా ఫొటోలు మన సర్వర్ నుంచి పోతున్నట్టు సర్వర్ చిట్టాలో పడుతున్న ప్రతి లైనూ మనకు ఆధారం. దాన్ని మనమే ఎందుకు చెడగొట్టుకోవాలి? అనలిటిక్స్ ఐడీని కూడా వెంటనే మార్చకపోవడం ఇందుకే. ఆధారాలన్నీ చేతికొచ్చాక, మన సర్వర్ నుంచి ఫొటోలు అలా లోడవడాన్ని (హాట్‌లింకింగ్) ఆపేశాం.

ఇన్‌స్టాగ్రాంలో రెండు సైట్లూ పక్కపక్కన పెట్టి పోస్టు చేద్దామన్న మాటా వచ్చింది. అదీ ఇదే లెక్కన వద్దన్నాను.

అసలు మనది ఏది?

ఈ కేసులో ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. ఫలితం తేలింది కూడా ఇక్కడే.

వాళ్లకు తెలిసిన లాయరు గారు అప్పటికే ఒక నోటీసు ముసాయిదా పంపారు. ‘మా క్లయింటు వెబ్‌సైట్ డిజైన్ మొత్తాన్ని’ కాపీ కొట్టారని, కాపీరైట్ ఉల్లంఘన అని, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద జైలని. చదివితే గంభీరంగా ఉంది. అలా పంపొద్దని ఆయనతో కూర్చుని మాట్లాడాను. అదే చట్టంలో 60వ సెక్షన్ ఉంది. ఆధారం లేకుండా దావా వేస్తామని బెదిరిస్తే, బెదిరింపు అందుకున్నవాళ్లే కోర్టుకెళ్లి తమ తప్పు లేదని తీర్పు, ఆ బెదిరింపులు ఆపమని ఆదేశం, జరిగిన నష్టానికి పరిహారం అడగవచ్చు. మనది కానిదాన్ని మనదని రాసిన ప్రతి వాక్యమూ అవతలి లాయరుకు ఇచ్చే అవకాశం. ఆయన ఒప్పుకున్నారు. ఇద్దరం పేజీని ముక్కలు చేసుకుంటూ వెళ్లాం.

ముందు అమరిక. పైన పెద్ద ఫొటో, కింద మూడు గడుల్లో మూడు నూనెలు, ఆ కింద గానుగ కథ, చివర ఆర్డరు బటన్. నేను దీనికి చాలా రోజులు ఆలోచించాను, నాకు ముద్దే. చట్టం దృష్టిలో మాత్రం ఇది ఆలోచన. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఆలోచనకూ ఇతివృత్తానికీ కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంది. అమెరికా కాపీరైట్ ఆఫీసు కూడా వెబ్‌సైట్ లేఅవుట్‌ను, చూడ్డానికి కనిపించే తీరును విడిగా రిజిస్టర్ చెయ్యదు. మూడు గడులు ఎవరివీ కావు. లాయరు గారి ముసాయిదాలో మొదటి పేరా అలా పోయింది.

స్టైల్‌షీటు. చట్టంలో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచన కిందికే వస్తుంది. కానీ ఇందులో సగం బయటి థీమ్‌ది, ఎవరైనా వాడుకునే లైసెన్సు. మేం రాసిన లైన్లు మాత్రం మావి. వాటిమీద హక్కు ఒప్పందం ప్రకారం పూర్తి సొమ్ము అందిన రోజే క్లయింటుకు బదిలీ అయింది. నా తెలుగు కామెంటుతో సహా దిగిపోయింది కాబట్టి రుజువు తేలిక. అయినా ప్రధాన ఆరోపణగా పెట్టలేదు. హోస్టింగ్ కంపెనీలో ఫిర్యాదు చదివే మనిషి కోడు పోల్చి చూసుకోడు.

ఫాంట్లు తీసేశాం. స్టాక్ ఫొటో తీసేశాం, వాళ్లు కూడా కొనుక్కుని ఉంటే మనకేం తెలుసు? రీఫండ్ పేజీ భాష తీసేశాం, నమూనా భాష ఎవరి సొత్తూ కాదు. అందులో మన క్లయింటు పేరు మిగిలిపోయిన సంగతిని మాత్రం కాపీకి సాక్ష్యంగా ఉంచాం. పేరు, లోగో వాళ్లవే కాబట్టి ట్రేడ్‌మార్క్ మాట ఎత్తలేదు.

గానుగ ఫొటోలు. ఇక్కడ చట్టం మన వైపు తేలిగ్గా ఉంది. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి యజమాని. ఫొటోగ్రాఫర్‌కు డబ్బు పంపిన రసీదు, అసలు ఫైళ్లలో కెమెరా తేదీ, రెండూ ఉన్నాయి.

గీతబొమ్మలు వచ్చేసరికి ఆగిపోయాం. ఫొటోకు వర్తించే నియమం ఇలాంటి డిజిటల్ బొమ్మకూ వర్తిస్తుందా అంటే వాదించొచ్చు, కానీ వాదించాల్సి వచ్చేది ఫిర్యాదులో పెట్టకూడదు. ఆర్టిస్టు ఉద్యోగి కాదు. కాగితం లేదు. అలాంటప్పుడు బొమ్మ వేసినవాడిదే అనుకుని నడవడం మంచిది. అతనికి ఫోన్ చేసి విషయం చెప్పి, 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా హక్కుల బదిలీ పత్రం రాయించుకున్నాం. అందులో ఏ బొమ్మలు, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి విడివిడిగా ఉండాలి. కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మన కాపీ సైటు హోస్టు విదేశంలో ఉండొచ్చన్న అనుమానంతో ప్రపంచమంతా అని రాయించాం. ఆర్టిస్టు ఇంకాస్త డబ్బు అడిగాడు. న్యాయమే, ఇవ్వమన్నాను.

చివరికి ‘మా గానుగ’ కథ. ఇదే అన్నిటికన్నా గట్టిది. తల్లిగారి మాటలు, ఆవిడ వాయిస్ మెసేజ్‌లు తేదీలతో సహా కొడుకు ఫోన్లో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు కొడుకు ఒకచోట ‘నువ్వుల’కు బదులు ‘నువ్వల’ అని కొట్టాడు. ఆ తప్పు కూడా వాళ్ల సైటులో అదేచోట ఉంది. ఎద్దు పేరు తీసేశారు గానీ ఎద్దును తీయలేదు. అవతలిది కరెంటు మోటారు మీద తిరిగే చెక్కగానుగ అని తర్వాత తెలిసింది. ఆ దుకాణానికి ఎద్దే లేదు.

అలా, డిజైన్ కాపీ అని మొదలైన ఫిర్యాదు చివరికి ఒక కథ, కొన్ని ఫొటోలు, కొన్ని బొమ్మల ఫిర్యాదుగా మారింది. కొడుక్కి ఇది చిన్నబోయినట్టు అనిపించింది. “మొత్తం కొట్టేస్తే ఇంతేనా అన్నా మనం అడిగేది?” అన్నాడు. మొత్తం అడిగితే అవతలివాళ్లు వాదిస్తారు, ఇవి అడిగితే వాదించడానికి ఏమీ ఉండదని చెప్పాను.

ఎవరికి రాయాలి?

డొమైన్ వివరాలు చూస్తే యజమాని పేరు దాచి ఉంది, ఇప్పుడు మామూలే. నేమ్‌సర్వర్లు ఒక సీడీఎన్‌వి. అంటే సైటు ముందు ఆ కంపెనీ తెరలా నిలబడుతుంది, వెనక అసలు హోస్టు ఎవరో ఐపీ చూసి చెప్పలేం. డొమైన్ రిజిస్ట్రారుకు రాస్తే, సైటులో ఏముందో మాకు సంబంధం లేదని జవాబు వచ్చింది. అది వాళ్ల వంక కాదు, నిజంగానే వాళ్ల దగ్గర ఉన్నది పేరు మాత్రమే. సీడీఎన్‌కు రాసిన ఫిర్యాదు వల్ల సైటు కదల్లేదు కానీ అసలు హోస్టు ఎవరో తెలిసింది. ఆ దారిలో రాబట్టుకోగలిగేది చాలాసార్లు అంతే, దానికోసమైనా రాయాలి.

హోస్టు అమెరికా కంపెనీ. అదే భారతీయ కంపెనీ అయితే మన కాపీరైట్ చట్టం 52(1)(సి) సెక్షన్, 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం పట్టుకునేవాళ్లం. దాని ప్రకారం సరైన ఫిర్యాదు అందిన 36 గంటల్లో తీసెయ్యాలి. కానీ దానికో మెలిక ఉంది. 21 రోజుల్లో కోర్టు ఆదేశం తెస్తామని ఫిర్యాదులోనే హామీ ఇవ్వాలి, తేకపోతే అవతలివాళ్లు మళ్లీ పెట్టేసుకోవచ్చు. నూనె సీసాలు అమ్ముకునే కుటుంబానికి దావా ఖర్చు బరువే. అమెరికా 1998 కాపీరైట్ చట్టం డీఎంసీఏ కింద అయితే దావా హామీ ముందే ఇవ్వక్కర్లేదు. అవతలివాళ్లు ఎదురు నోటీసు ఇచ్చినప్పుడే ఆ ప్రశ్న వస్తుంది, అప్పుడు 10 నుంచి 14 పనిదినాల్లో దావా వెయ్యకపోతే కంటెంటు తిరిగి వస్తుంది. మన రచనకు అమెరికాలో విలువేంటని కొడుకు అడిగాడు. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందంలో మనం 1928 నుంచి ఉన్నాం, అమెరికా 1989లో చేరింది. మన దేశంలో పుట్టిన రచనను అక్కడా రచనగానే చూస్తారు.

ఫిర్యాదు రాసి పెట్టుకున్నాం కానీ వెంటనే పంపలేదు. ముందు యజమానితో మాట్లాడాలని నేను పట్టుబట్టాను. కారణం ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. తెలిసి కాపీ కొట్టే వ్యాపారి ఎవడూ పక్కవాడి లైసెన్సు నంబరు తన సైటులో ఉంచుకోడు. కాపీ కొట్టింది యజమాని కాదని అది చూస్తేనే అనిపించింది. పోలీసుల మాటా ఇక్కడే పక్కన పెట్టాం. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ నేరం వారెంటు లేకుండా అరెస్టు చెయ్యగలిగేదని, బెయిలబుల్ కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద కర్రను ఎవరి మీద ఎత్తుతున్నామో తెలియకుండా ఎత్తకూడదు.

ఫోన్

వాట్సాప్ నంబరుకు చేస్తే ఎత్తలేదు. కాంటాక్టు పేజీలో అడుగున ఇంకో నంబరుంది. దానికి చేస్తే ఒక పెద్దావిడ ఎత్తారు. కొడుకు చెయ్యకుండా నేనే మాట్లాడాను. నష్టపోయినవాళ్ల గొంతులో కోపం దాగదు.

“నమస్కారమండీ, మీ నూనె వెబ్‌సైట్ గురించి ఒక మాట చెప్పాలి. మీ సైటులో వేరేవాళ్ల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందండీ. మీకు తెలుసా?”

“మా నంబరు మాకుంది బాబూ. బోర్డు మీద కూడా రాయించాం.”

“కౌంటర్లో ఉన్న నంబరు, సైటులో ఉన్న నంబరు ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తారా?”

కాసేపటికి ఆవిడే తిరిగి ఫోన్ చేశారు. “ఇది మాది కాదయ్యా. మా మేనల్లుడి స్నేహితుడు చేసిపెట్టాడు సైటు. పదివేలు తీసుకున్నాడు.”

కాపీ, దొంగతనం అన్న మాటలు ఆ ఫోన్లో నేను వాడలేదు. లైసెన్సు నంబరుతో మొదలుపెట్టడానికి కారణం, అది ఆవిడకు కూడా ప్రమాదమే. తనిఖీకి వచ్చినవాళ్లు సైటు చూస్తే ఇబ్బంది పడేది ఆవిడే. మన నష్టం గురించి చెబితే వినొచ్చు, వినకపోవచ్చు. వాళ్ల నష్టం గురించి చెబితే వింటారు. తర్వాత కథ, ఫొటోలు, బొమ్మల జాబితా వాట్సాప్‌లో పంపాను. ఏవి తీసెయ్యాలో, ఏవి ఉంచుకోవచ్చో రెండూ రాసి. ఉంచుకోవచ్చన్న జాబితా చూశాకే ఆవిడ మాట మెత్తబడింది.

తీసెయ్యడానికి ఒప్పుకున్నారు. కానీ తీయలేకపోయారు. సైటు పాస్‌వర్డు ఆవిడ దగ్గర లేదు, హోస్టింగ్ ఖాతా ఆవిడది కాదు, డొమైన్ కూడా ఆ కుర్రాడి ఈమెయిల్ మీదే ఉంది. అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. సైటులో ఉన్న వాట్సాప్ నంబరూ అతనిదేనట, ఆర్డర్లు అతనికి వెళ్లి అక్కణ్ణుంచి ఆవిడకు వస్తాయట. కొడుకు పెట్టిన బెదిరింపు చేరింది ఎవరికో, ఎద్దు పేరు తుడిచింది ఎవరో అప్పుడు తెలిసింది. ఆవిడ వరకూ ఏదీ రాలేదు.

కదిలించింది

అప్పుడు ఫిర్యాదు పంపాం, ఆవిడకు ముందే చెప్పి. పంపితే కొన్నాళ్లు సైటు పూర్తిగా ఆగిపోవచ్చని కూడా చెప్పాను. “ఆగనీ బాబూ, వాడు కదలాలంటే అదే దారి” అన్నారు.

ఫిర్యాదులో మన పేజీల అడ్రసులు ఎడమవైపు, వాళ్ల పేజీల అడ్రసులు కుడివైపు, మధ్యలో ఏది కాపీ అయిందో ఒక్కో వాక్యం. సైటు మొత్తం అని ఎక్కడా రాయలేదు. సదుద్దేశంతో రాస్తున్నామన్న ప్రకటన, వివరాలు నిజమన్న ప్రకటన, హక్కుదారు తరఫున రాసే అధికారం ఉందన్న ప్రమాణం, సంతకం. ఇందులో మన అడ్రసు, ఫోను అవతలివాళ్లకు చేరతాయి. ఇలాంటి నోటీసులు లూమెన్ అనే బహిరంగ డేటాబేసులోకి కూడా వెళ్తుంటాయి. అందుకే ఇంటి అడ్రసు ఇవ్వకుండా దుకాణం అడ్రసు ఇప్పించాను.

హోస్టు ఖాతాదారుకు గడువు పెట్టింది. ఆ గడువు లోపలే కుర్రాడు నాకు ఫోన్ చేశాడు.

“అన్నా, నెట్లో ఉన్నదేగా! అందరూ చేసేదే. దానికి ఖాతా మూయిస్తారా?”

“ఖాతా కాదు తమ్ముడూ, ఆ పేజీలు. జాబితాలో ఉన్నవి తీసేస్తే హోస్టుకు నేనే రాస్తాను.”

“లేఅవుట్ కూడా మార్చాలా?”

“అక్కర్లేదు.”

అతనికి ఆ జవాబు అర్థమైనట్టు లేదు, రెండుసార్లు అడిగాడు. మొత్తం కొత్తగా కట్టాల్సి వస్తుందని భయపడే ఫోన్లు ఎత్తడం మానేశాడని మాటల్లో తెలిసింది. అడిగింది తక్కువ కావడం వల్లే పని అయింది. కథ, ఫొటోలు, బొమ్మలు, లైసెన్సు నంబరు, మన అనలిటిక్స్ ఐడీ తీసేశాడు. నా స్టైల్‌షీటు లైన్లు కూడా తీసెయ్యమన్నాను, ఆ బయటి థీమ్‌తోనే నడుస్తుందని చెప్పి. ఇంకెవరికైనా ఇదే అమ్మావా అని అడిగితే ఒక మిఠాయి దుకాణానికి ఇచ్చానన్నాడు. వెళ్లి చూస్తే అక్కడ స్టైల్‌షీటు తప్ప మనది ఏమీ లేదు, దాన్నీ తీయించాం. పెద్దావిడకు డొమైన్, హోస్టింగ్ పాస్‌వర్డులు అప్పగించాలన్నది ఆవిడ షరతు. నేను మధ్యలో ఉండి చూశాను.

సెర్చ్‌లో ఆ పాత పేజీల ముక్కలు మిగిలితే గూగుల్ పాతబడ్డ కంటెంటు తొలగించే ఫారంలో ఇచ్చాం. మన ర్యాంకు పడిపోయిందని కొడుకు భయపడ్డాడు గానీ అంత జరగలేదు. సైటు దించుకున్నప్పుడు కెనానికల్ ట్యాగ్ కూడా అలాగే దిగింది. కాపీ పేజీలు చాలావరకు ‘అసలు పేజీ ఫలానా చోట ఉంది’ అని మన అడ్రసే గూగుల్‌కు చెబుతూ కూర్చున్నాయి.

పరిహారం అడగలేదు. తల్లిగారి నిర్ణయం. ఆ పెద్దావిడతో ఒకసారి ఫోన్లో మాట్లాడి, ఎవరి నువ్వులు ఎక్కణ్ణుంచి తెస్తారో అడిగి తెలుసుకున్నారట. కొడుక్కి అది నచ్చలేదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

కొత్త సైటు మొదలుపెట్టే రోజే ఒక పట్టిక తెరుస్తున్నాను. ప్రతి ఫొటో, బొమ్మ, పేరా, ఫాంటు ఎవరిది, కాగితం ఎక్కడుంది అని. క్లయింటు సొంతంగా తెచ్చుకున్న బొమ్మలకు కూడా బదిలీ పత్రం తేకపోతే సైటులో పెట్టను. దీనికి కొందరు విసుక్కుంటారు.

రైట్‌క్లిక్ పనిచెయ్యకుండా చెయ్యమని అడిగే క్లయింట్లు ఉంటారు. చెయ్యను. హెచ్‌టీట్రాక్‌కు మౌసే అక్కర్లేదు, నొప్పి పడేది ఫోన్ నంబరు కాపీ చేసుకోవాలనుకునే మామూలు కొనుగోలుదారు. దానికి బదులు అనలిటిక్స్‌లో హోస్ట్‌నేమ్ నివేదికను అప్పుడప్పుడు చూస్తున్నాను, సైటులో మరెక్కడా రాని వాక్యం ఒకటి ఎంచుకుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతున్నాను.

డొమైన్, హోస్టింగ్ ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో నా పాత క్లయింట్లందరికీ రాసి పంపాను. ఆ పెద్దావిడ పరిస్థితి చూశాక అది కాపీ కన్నా పెద్ద సమస్య అనిపించింది. తన సైటులో ఒక్క అంకె మార్చుకోలేని యజమానికి హక్కుల గురించి ఎంత చెప్పినా ఏం లాభం?

ఆవిడ సైటులో పైన పెద్ద ఫొటో, కింద మూడు గడులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మూడో గడిలో కుసుమ నూనె చేరింది. కొడుకు అప్పుడప్పుడు ఆ లింకు పంపి “చూశారా అన్నా” అంటాడు. చూశాననే జవాబిస్తాను. ఫిర్యాదు రాయడానికి అక్కడ నా దగ్గర ఏమీ లేదు.